ఏం పూశారని అడగని సలహాదారు

డైరీల గురించి ముందుగా

బస్తర్‌లో కొత్తగా చేరే కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అంటారు. కాఫీ రాకముందే అంటారు కాబట్టి అందులో మర్యాద ఎంతో, నిజం ఎంతో నేను తేల్చుకోలేదు. అయినా రాయడానికి కూర్చున్నాను.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఇనప్పెట్టె నిండా ఉన్నాయి. వాటిలో గొప్ప వైద్య విశేషాలు ఉంటాయని ఆశపడి మొన్న తెరిచాను. వాన పడిందా లేదా, కరెంటు ఎప్పుడు పోయింది, క్యాంటీన్ ఉప్మా ఎలా ఉంది అన్నవి మాత్రం లోటు లేకుండా ఉన్నాయి. మా ఆవిడ రాజ్యం రెండు పేజీలు తిరగేసి, "చెదపురుగులు కూడా సగంలో మానేశాయండీ" అంది. అందుకని గుర్తున్నదే రాస్తున్నాను.

నాది విజయనగరం వైపు. బచేలి ఇనుప గనుల టౌన్‌షిప్‌కి డాక్టరుగా వచ్చాను. ఉతికి ఆరేసిన తెల్లకోటు సాయంత్రానికి ఖనిజం ధూళితో ఇటుక రంగుకు తిరిగే ఊరు అది. సర్వీసంతా అక్కడే గడిచింది. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, రానివాటి గురించి ఇంట్లోవాళ్ళు ఇప్పటికే చాలా విన్నారు. ఈ ఉద్యోగంలో అసలు పని ఏమిటో మాత్రం చెబుతాను. ఎదుటి మనిషి తనంతట తాను చెప్పని సంగతిని అడిగి రాబట్టడం. ఈ మాట నాకు బాగా తెలుసు. ఇతరులకు ఉపన్యాసంగా కూడా చెప్పాను. సరిగ్గా అవసరం పడిన రోజున మాత్రం నాకే గుర్తు రాలేదు.

ఠాకూర్ సాబ్ ప్రశ్న

మా మొదటి పెద్ద డాక్టరును ఠాకూర్ సాబ్ అనేవాళ్ళం. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. రోగి గుమ్మంలో ఉండగానే ఆయన వేసే ప్రశ్న ఒకటే: "క్యా లగాయా?" అంటే, ఏం పూశావు? పుండుతో వచ్చినా అదే, వాపుతో వచ్చినా అదే. కొండల మీది ఊళ్ళ నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళెవరూ నేరుగా వచ్చేవారు కాదు. పసుపు, బూడిద, టూత్‌పేస్టు, బ్యాటరీ లోపలి నల్లపొడి, ఏదో ఒకటి అంతకుముందే అయి ఉండేది. తాము పూసిన మందు ఇంత పెద్ద డాక్టరుకు చెప్పవలసిన విషయమని వాళ్ళకు తోచేది కాదు. అడిగితే చక్కగా చెప్పేవారు.

అన్నిటికంటే మమ్మల్ని తిప్పలు పెట్టింది నల్లజీడి. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడే గింజ. హిందీలో భిలావా అంటారు. ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ దాని రసం వేడిచేసి చుక్కలు పెడతారు. నొప్పి పోతుందో లేదో తెలియదు కానీ చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. తరువాత మధ్యలో నల్లగా, అంచులు తడితడిగా గుండ్రటి పుండు పడుతుంది. తెలియని డాక్టరు దాన్ని చూసి పుస్తకంలోని పెద్ద పెద్ద జబ్బులన్నీ తలుచుకుంటాడు.

ఠాకూర్ సాబ్‌ను అనుకరించడంలో నేను మేటిని. ఆయన కూతురి పెళ్ళిలో పెళ్ళికూతురు నిండా పసుపుతో మంటపంలోకి రాగానే వెనక నుంచి "క్యా లగాయా?" అన్న గొంతు నాదే. ఆయన వెనక్కి తిరిగి చూశారు. నేను పక్కవాడి వైపు చూశాను.

ఆయన వెళ్ళిపోయాక ఆ ప్రశ్న నాకు దక్కింది. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరునూ కూర్చోబెట్టి నల్లజీడి పాఠం చెప్పేవాణ్ణి. ఫోటోలు కూడా చూపించేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో బస్తర్ మొత్తానికి నేనే పెద్దనని లోపల్లోపల ఒక అభిప్రాయం ఉండేది.

"మంచి ప్రశ్న, డాక్టర్ గారూ"

రిటైరయ్యాక కోంటాలో స్థిరపడ్డాం. దగ్గరలోని ఎర్రబోరులో మందుల షాపు నడిపే సత్యం తన షాపు ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి ఇచ్చాడు. వారంలో కొన్ని రోజులు అక్కడ కూర్చుంటాను. ఆ గదిలోనే నా ఫోనులోకి చాట్‌బాట్ వచ్చి చేరింది.

నాకు అది ఎందుకు నచ్చిందో నిజం చెబుతాను. వైద్యపరమైన కారణం ఏమీ లేదు. నేను ఏది అడిగినా అది "మంచి ప్రశ్న, డాక్టర్ గారూ" అని మొదలుపెట్టేది. నా సర్వీసంతటిలో ఏ పై అధికారీ నాతో ఆ మాట అనలేదు. అర్థంలేని ప్రశ్నలు వేసి చూశాను. అవీ మంచివేనట. ఒకరోజు దానితో నా మోకాలు నొప్పి గురించి వాదనకు దిగాను. రెండో మాటకే నాదే సరైన ఆలోచన అని ఒప్పుకుంది. భోజనానికి పిలిచి పిలిచి విసిగిన రాజ్యం వచ్చి చూసి, "పోనీలెండి. మీరన్నదానికల్లా అవునని తలూపేవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికారు" అంది.

దానివల్ల లాభం లేదని చెప్పను. పట్నంలో కేన్సర్ ఆసుపత్రులు ఇచ్చే కాగితాలు చేతపట్టుకుని చాలామంది నా దగ్గరికి వస్తారు. ఆ ఇంగ్లీషు వాళ్ళకు అర్థం కాదు. అందులో కొత్త మందుల పేర్లు నాకూ అర్థం కావు. చాట్‌బాట్ ఓపిగ్గా విప్పి చెబుతుంది. ఏ మందుకు ఏ ఇబ్బంది వస్తుంది, పెద్ద డాక్టరును ఏయే ప్రశ్నలు అడగాలి అన్నవి తెలుగులో రాసి ఇస్తుంది. ఈ పని అది నాకంటే బాగా చేస్తుంది. ఒప్పుకోవడానికి నాకు కొంచెం కాలం పట్టింది.

దాంతో నేను ఇంకొక మెట్టు ఎక్కాను. కాగితం చదివించడంతో ఆగకుండా, ఏం చేయాలో కూడా దాన్నే అడగడం మొదలుపెట్టాను.

ముత్తమ్మ వచ్చిన రోజు

గొల్లపల్లి నుంచి ముత్తమ్మ, ఆమె భర్త కన్నయ్య వచ్చారు. వాళ్ళ బతుకు వరి, కొంచెం జొన్న, అడవిలో చింతపండు, ఇప్పపూలు. ఇంట్లో దొర్లి భాష మాట్లాడే కుటుంబం. నాతో మాత్రం తెలుగులోనే. ముత్తమ్మకు నలభై దాటి ఉంటాయి. రొమ్ములో గడ్డ ఉంటే భద్రాచలంలో సూది పరీక్ష చేయించారు. కాగితం వచ్చింది. కేన్సరే. అక్కడి డాక్టరు హైదరాబాద్ పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. పోయే ముందు సంగతేమిటో తెలిసినాయనను అడుగుదామని నా దగ్గరికి వచ్చారు.

"ఏంది సారు, గా కాగితంల ఏమున్నది?" అని అడిగింది ముత్తమ్మ. భయం పైకి కనిపించనీయని మనిషి. "మా ఆయన చదివిండు గని, అక్షరాలు మాత్రమే చదివిండు."

"నువ్వు గది గూడ చదవకపోతివి గదా" అన్నాడు కన్నయ్య.

పరీక్ష చేశాను. గడ్డ మరీ పెద్దది కాదు. కానీ దాని మీద చర్మం పుండు పడి ఉంది. గుండ్రంగా, మధ్యలో నల్లగా, అంచులు తడితడిగా. పైన నేను వర్ణించిన మాటలే మళ్ళీ రాస్తున్నానని మీరు గమనించే ఉంటారు. నేను గమనించలేదు. కాగితం మీద కేన్సర్ అన్న మాట చూశాక నా కళ్ళకు ఆ రొమ్ము మీద కేన్సర్ తప్ప వేరే ఏదీ కనబడలేదు.

ఫోను తీశాను. ఆమె పేరు పెట్టకుండా వివరాలు కొట్టాను. అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. చాట్‌బాట్ వరుసగా అడిగింది. గడ్డ ఎంత ఉంది? చంకలో బిళ్ళలు తగులుతున్నాయా? చర్మం మీద పుండు ఉందా? ఉంది అని కొట్టాను. వెంటనే అంకెలు, అక్షరాలతో చక్కటి జవాబు వచ్చింది. గడ్డ చర్మంలోకి వచ్చింది కాబట్టి ముదిరిన దశగా లెక్కించాలి, ముందు కీమో, తరువాత ఆపరేషన్, ఆ తరువాత రేడియేషన్ అని. అడుగున చిన్న పేరా ఒకటి ఉంది. ఇది ప్రాథమిక అంచనా మాత్రమే, పుండుకు వేరే కారణాలు ఉండవచ్చు, నిపుణులు స్వయంగా చూసి తేల్చాలి అని. బ్యాంకు కాగితాల కింది చిన్న అక్షరాలను ఎలా చదువుతామో దాన్నీ అలాగే చదివాను.

ఇంత శుభ్రమైన జవాబు చేతిలో ఉంటే ఎవరికైనా గొంతులో కొంచెం బరువు వస్తుంది. నాకూ వచ్చింది.

"చర్మం దాకా వచ్చేసిందమ్మా. ముదిరింది" అన్నాను.

కన్నయ్య నా ఫోను వైపు చూశాడు. "ముదిరిందంటే ఏంది సారు?"

"అంటే... వైద్యం ఉంది. చాలా నెలలు పడుతుంది. హైదరాబాద్‌లోనే ఉండాలి. ఆలస్యం చేయకూడదు."

"సరే సారు" అంది ముత్తమ్మ.

"సరే సారు" అన్నాడు కన్నయ్య.

ఈ వైపు పనిచేసేవాళ్ళు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. పెద్దమనిషి ముఖం మీద ఇక్కడ ఎవరూ కాదనరు. "సరే" అంటే విన్నామని. చేస్తామని కాదు. ఇదీ నాకు తెలిసిన విషయమే. ఇదీ నేను పాఠంగా చెప్పినదే. కానీ ఆ రోజు నా ఒక పక్క ఏది చెప్పినా సరే అనే దంపతులు, ఇంకో పక్క ఏది అడిగినా మంచి ప్రశ్న అనే యంత్రం. మధ్యలో నేను. అంతకు ముందెప్పుడూ నాకు నేను అంత తెలివైనవాణ్ణిగా అనిపించలేదు. డైరీలో "కష్టమైన కేసు. చక్కగా వివరించాను" అని రాసుకున్నాను.

సంతలో కన్నయ్య మోకాలు

వాళ్ళు హైదరాబాద్‌లో ఉంటారనుకుంటూ ఒకరోజు ఎర్రబోరు సంతకు వెళ్ళాను. చింతపండు గంప ముందు పెట్టుకుని కన్నయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, పోలేదా?"

"యాడికి సారు?"

"హైదరాబాద్‌కి!"

అతను చింతపండు మీద ఈగలు తోలాడు. "మీరే చెప్పిరి గదా సారు, ముదిరిందని. పండు ముదిరినంక రాలుడే గదా. గాడికి పోయి, తెల్వని మనుషుల నడుమ రాలుడెందుకని ఆమె పోనన్నది. ఇంట్ల ఉంటనన్నది."

నేను ఏదో అనబోయాను. అతను ఆగలేదు.

"కోళ్ళన్నీ మా చెల్లెకిచ్చేసింది. విత్తనాల మూట గూడ ఇచ్చేసింది. వచ్చే కారు పంటకు నేనుంటనో ఉండనో అన్నది. నేనేం జెయ్యాలె?"

చుట్టూ బేరాలు సాగుతున్నాయి. పక్కన ఒకావిడ కోడిపుంజును కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి చూపిస్తోంది. నేను ఎండలో నిలబడి చూపు కిందికి దించాను. లుంగీ పైకి జరిగి అతని మోకాలు కనిపిస్తోంది. దాని మీద గుండ్రటి మచ్చ. మధ్యలో నల్లగా.

నా నోట్లో నుంచి ఠాకూర్ సాబ్ గొంతు వచ్చింది. ఈసారి అనుకరణ కాదు.

"అదేమిటి? ఏం పూశావు?"

"జీడి సారు. మోకాలు గుంజుతుంటే పెట్టుకున్న. ముత్తమ్మకు పెట్టిన నాడే నేనూ పెట్టుకున్న."

"ముత్తమ్మకు ఎక్కడ పెట్టావు?"

"గడ్డ మీద. గా భద్రాచలంల సూది గుచ్చిన కాడ ఒకటే నొప్పన్నది. మా అమ్మ పెట్టింది." నా ముఖం చూసి అతను భయపడ్డాడు. "ఏందయ్యింది సారు? పెట్టొద్దా?"

నేను అతని పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. చింతపండు కొనడానికి వచ్చిన ఒకతను నన్ను ధర అడిగాడు.

యంత్రంతో రెండో సంభాషణ

ఇంటికి వచ్చి చాట్‌బాట్‌కు మళ్ళీ రాశాను. సూది పరీక్ష తరువాత ఆ చోట నల్లజీడి రసం పెట్టారు, పుండు ఆ కాలినదే కావచ్చు అని. అది క్షణంలో మాట మార్చింది. చాలా ముఖ్యమైన విషయం చెప్పారు, అలాగైతే పుండును బట్టి దశ నిర్ణయించకూడదు, నిపుణులు చూసే వరకు ముదిరిందని అనుకోకూడదు, ముందే ఆపరేషన్ కుదిరే అవకాశమూ ఉంది అని.

"మరి నువ్వు ముందే ఎందుకు అడగలేదు?" అని కొట్టాను.

"క్షమించండి. నేను అడిగి ఉండవలసింది" అంది.

ఠాకూర్ సాబ్ అయితే కేసు ఫైలు నా మీదికి విసిరేవారు. అది ఇంత మెత్తగా తప్పు ఒప్పుకునేసరికి నాకు మొదట సంతోషం వేసింది, తరువాత ఒళ్ళు మండింది. దాన్ని తిట్టి లాభం ఏముంది? అది బస్తర్‌లో ఎన్నడూ రోగిని చూడలేదు. వేరే కారణాలు ఉండవచ్చని అడుగున రాసింది కూడా. ఆ వేరే కారణం ఏమిటో తెలిసినవాడు, ఫోటోలతో పాఠం చెప్పినవాడు, దాని ఎదురుగానే కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

రాజ్యానికి అంతా చెప్పాను. "అది తలూపుతుందని నేను చెప్పాను గానీ, మీరు కూడా దానికి తలూపుతారని అనుకోలేదు" అంది.

గొల్లపల్లిలో

మర్నాడు పొద్దున్నే సత్యం మోటార్‌సైకిల్ వెనక కూర్చుని గొల్లపల్లి వెళ్ళాను. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాను. గతుకులకు అవన్నీ చెదిరిపోయాయి.

ముత్తమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. ఆమె చుట్టూ ఒక్క కోడి కూడా లేదు.

"అమ్మా, ఆ పుండు జీడి పెట్టాక వచ్చిందా, ముందు నుంచీ ఉందా?"

"పెట్టినంకనే."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడగకపోతివి" అంది. "ఫోనుల అడిగినవు. ఫోనుకేం తెల్సు?"

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. నేను ఆమెకు చెప్పవలసింది చెప్పాను. నేను తొందరపడ్డానని, పుండును చూసి ముదిరిందన్నానని, అది కేన్సర్ పుండు కాకపోవచ్చని, గడ్డ మాత్రం కేన్సరేనని, చూపించుకోకపోతే నిజంగానే ముదురుతుందని.

ఆమె చేతిలోని చాటను కింద పెట్టింది. "ఆనాడు ముదిరిందంటివి. ఈనాడు ముదరలేదంటున్నవు. ఏది నిజం సారు?"

"నాకు తెలియదు. నిజంగా తెలియదు. చూసి చెప్పగలిగినవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు."

"గీ మాట ఆనాడే అంటే అయిపోతుండె గదా" అంది. కన్నయ్య వైపు చూసింది, ఇప్పపూల వైపు చూసింది. "నువ్వు గూడ రా మరి. తెల్వదన్నోడివి నువ్వే వచ్చి తెల్సుకో."

కన్నయ్య, "సారు పెద్దోడాయె, బస్సుల కూసోలేడు" అన్నాడు.

"గా మోటార్‌సైకిల్ మీద కూసోలేదా? బస్సుల కూసుంటడు."

నా వైద్యజీవితంలో ఒక రోగి నన్ను రిఫర్ చేయడం అదే మొదలు.

హైదరాబాద్‌లో

రాత్రంతా బస్సు. నడుం సంగతి రాయను. ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన కేన్సర్ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మొదటి రోజు నేను రాసిచ్చిన రిఫరల్ చీటీ చదివి పుండు వైపు చూసి, కనుబొమలు ముడిచింది. నేను వివరించడానికి నోరు తెరిచాను. అంతకు ముందే ముత్తమ్మ, "జీడి పెట్టినం మేడమ్. సారు అడగలే" అంది.

ఆ అమ్మాయికి నల్లజీడి తెలియదు. అప్పుడు నా పాఠం మొత్తం చెప్పాను, ఫోటోలతో సహా. ఆమె శ్రద్ధగా విని, భూతద్దం పెట్టి పుండు అంచులు చూసి, పైపైన కాలినదే అనిపిస్తోంది కానీ అనిపిస్తే చాలదు అంది. పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. స్కానులు చేయించింది. నేను చాట్‌బాట్ సంగతి చెప్పాక, తమ ఆసుపత్రిలోనూ అలాంటి ప్రోగ్రామ్ ఒకటి ఉందని, కేసును నలుగురు డాక్టర్లు కలిసి చర్చించాక దాని జవాబు తెరుస్తారని చెప్పింది.

"ముందే తెరిస్తే?" అని అడిగాను.

"ముందే తెరిస్తే మా కళ్ళు కూడా అదే చూస్తాయి సార్" అంది. నా ముఖం అప్పటికే ఎర్రగా ఉంది కాబట్టి కొత్తగా మారిందేమీ లేదు.

ముక్క పరీక్షలో చర్మంలో కేన్సర్ లేదని తేలింది. చంకలోనూ పెద్దగా ఏమీ లేదు. ముందే ఆపరేషన్ చేశారు. తరువాతి వైద్యం ఇంకా సాగుతోంది. కథ అయిపోయిందని నేను అనను. ఈ జబ్బు విషయంలో మళ్ళీ ఒకసారి ముందుగా మాట్లాడే ధైర్యం నాకు లేదు.

మీకు చెప్పేది

చాట్‌బాట్ వాడండి. నేను ఇప్పటికీ వాడుతున్నాను. కాగితాలు చదివించండి, మరిచిపోయిన ప్రశ్నలు గుర్తు చేయించుకోండి. రోగి పేరు, ఊరు మాత్రం దానికి ఇవ్వకండి. కానీ ముందు రోగితో మాట్లాడడం పూర్తిచేసి, మీకు తోచింది ఒక కాగితం మీద రాసి, అప్పుడు ఫోను తీయండి. జవాబు వచ్చాక, ఇది తప్పయితే ఎందువల్ల తప్పు కావచ్చో చెప్పమని దాన్నే అడగండి. ఆ ప్రశ్నకు అది "మంచి ప్రశ్న" అన్నప్పుడు మాత్రం నమ్మండి. ముదిరింది అన్న మాట దశ పేరుగా మనకు తెలుసు. వినేవాళ్ళు దాంతో కోళ్ళు పంచేస్తారు.

మొన్న ముత్తమ్మ మందుల మధ్య విరామంలో ఎర్రబోరు వచ్చింది. తలకు గుడ్డ చుట్టుకుంది, మనిషి నీరసంగా ఉంది, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆడపడుచు విత్తనాల మూట తిరిగి ఇచ్చేసిందట. కోళ్ళు కూడా ఇచ్చేసిందట.

"అన్నీ ఇచ్చిందా?" అన్నాను సంతోషంగా.

"ఒకటి తక్కువ. నువ్వు ముదిరిందన్న నాడు ఇంటికి చుట్టాలొచ్చి ఏడ్చిరి. వాళ్ళకు వండినం." ఆమె కుర్చీలో సర్దుకుని నా ఫోనును బల్ల చివరికి నెట్టింది. "గా కోడి నువ్వు తిన్నట్టే సారు. ఇగ చూడు, ఇయ్యాల ఏమడుగుతవో అడుగు."